పురుగు సైజెంత, పిట్ట ఎంత దూరం: పొలం ఫోటోలకు కెమెరా సామాను ఏ వరుసలో కొనాలి



మిత్రపురుగుల వీడియోలు పెట్టిన ప్రతిసారీ ఒకే ప్రశ్న వస్తోంది. "అన్నా, ఫోన్‌తో తీస్తే చుక్కలా వస్తోంది, ఏ కెమెరా కొనాలి?" కొంతమంది ఇప్పటికే ఒక డీఎస్‌ఎల్‌ఆర్ కొని, దాంతో వచ్చిన చిన్న లెన్స్‌తో తామర పురుగు తీయబోయి, అది కనపడక, ఇంకా ఖరీదైన బాడీ కొందామని చూస్తున్నారు. కొనే ముందు ఈ పాఠం ఒక్కసారి పూర్తిగా చదవండి. జతచేసిన వీడియోలో సామాను పట్టుకుని చూపించాను. లెక్కలు మాత్రం చదువుకుంటేనే బాగా ఎక్కుతాయి, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందే చెప్పేస్తున్నా. మన పనికి డబ్బు పెట్టాల్సిన వరుస ఇది: మొదట వెలుగు, తర్వాత దగ్గరితనం, ఆ తర్వాత దూరం, అన్నిటికన్నా చివర బాడీ. షాపులో మనకు చెప్పే వరుస దాదాపు దీనికి తలకిందులుగా ఉంటుంది. ఎందుకు ఇలా అంటున్నానో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. అసలు మనకు ఫోటో దేనికి?

పెళ్ళి ఫోటోగ్రాఫర్‌కి ఫోటో అందంగా ఉండాలి. మనకు ఫోటో జవాబు చెప్పాలి. "ఇది శత్రువా, మిత్రుడా? కషాయం కొట్టాలా, ఆగాలా?" ఈ ప్రశ్నకు జవాబు రాని ఫోటో ఎంత అందంగా ఉన్నా మనకు పనికిరాదు.

అక్షింతల పురుగునే తీసుకోండి. ఈ పేరుతో మన దగ్గర రెండు రకాలు తిరుగుతున్నాయి. ఒకటి పేనుబంకను తినే మిత్రుడు. రెండోది వంగ ఆకును గోకి గోకి జల్లెడలా చేసే ఎపిలక్నా. రెండూ గుండ్రంగా ఉంటాయి, రెండిటి మీదా చుక్కలుంటాయి. తేడా ఎక్కడంటే, మిత్రుడి వీపు నూనె రాసినట్టు మెరుస్తుంది. ఎపిలక్నా వీపు మీద సన్నని నూగు ఉండి మెరుపు లేకుండా కనిపిస్తుంది. పిల్లపురుగుల్లో తేడా ఇంకా ఎక్కువ. మిత్రుడి పిల్ల నల్లగా, నారింజ మచ్చలతో చిన్న మొసలిలా ఉంటుంది. ఎపిలక్నా పిల్ల పసుపు రంగులో, ఒళ్ళంతా కొమ్మలు తొడిగిన ముళ్ళతో ఉంటుంది. ఆ మొసలిలాంటి పిల్లను చూసి భయపడి అగ్నిఅస్త్రం కొట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పేనుబంకను ఉచితంగా తినే కూలీని మనమే చంపుకోవడం అన్నమాట.

పిండినల్లి కథా ఇలాంటిదే. పిండినల్లిని తినే క్రిప్టోలేమస్ అనే అక్షింతల పురుగు ఉంది. దాని పిల్ల కూడా ఒంటి నిండా తెల్లటి మైనం పోగులతో అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. సైజు పెద్దది, నడక చురుకు. పేనుబంక గుంపులో కాళ్ళు లేకుండా జారుతూ పోయే సిర్ఫిడ్ ఈగ పిల్ల కూడా మిత్రుడే, కానీ చూడ్డానికి పచ్చపురుగులా ఉంటుంది.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని ఎన్‌ఐపీహెచ్‌ఎం నేర్పే పంట పరిసరాల విశ్లేషణ పద్ధతిలో ఒక మోటు లెక్క ఉంది. రెండు శత్రుపురుగులకు ఒక మిత్రపురుగు ఉంటే ఆగి చూడొచ్చు. ఈ లెక్క వేయాలంటే ముందు ఎవరు ఎవరో తెలియాలి కదా. కషాయమైనా సరే, అవసరం లేని చోట కొడితే ఖర్చు, కూలి, మిత్రుల నష్టం మూడూ మనవే. కెమెరా సామాను విలువను ఈ కోణంలోనే లెక్కగట్టాలి.

2. కొనే ముందు ఒక పరీక్ష: స్కేలు ఫోటో

ఇప్పుడు మీ దగ్గరున్న ఫోన్ గానీ కెమెరా గానీ తీసుకోండి. పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలును బల్ల మీద పెట్టండి. ఫోకస్ కుదిరినంత దగ్గరగా వెళ్ళి, స్కేలు ఫోటో అడ్డంగా పరుచుకునేట్టు తీయండి. ఫోటో ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఎన్ని మిల్లీమీటర్లు కనపడ్డాయో లెక్కపెట్టండి. ఫోటో వెడల్పు ఎన్ని పిక్సెళ్ళో ఫోటో వివరాల్లో ఉంటుంది. పిక్సెళ్ళను మిల్లీమీటర్లతో భాగించండి. అంతే.

ఉదాహరణకు ఫోటో వెడల్పు 4000 పిక్సెళ్ళు, స్కేలు మీద 80 మి.మీ. కనపడితే, మిల్లీమీటరుకు 50 పిక్సెళ్ళు. ఇదే మీ సామాను అసలు శక్తి. డబ్బా మీద రాసిన మెగాపిక్సెళ్ళు కావు.

ఇప్పుడు పురుగుల సైజు చూద్దాం. నేను పెట్టుకున్న కొలత ఏమిటంటే, పురుగు ఏ గుంపుదో తెలియాలంటే దాని ఒళ్ళు ఫోటోలో కనీసం 200 పిక్సెళ్ళు ఉండాలి. నూగు, ముళ్ళు, రెక్కల అంచులు చూడాలంటే 400 పైన ఉండాలి.

- అక్షింతల పురుగు 6 మి.మీ. వరకు ఉంటుంది. మిల్లీమీటరుకు 50 పిక్సెళ్ళున్నా 300 వస్తాయి. గుర్తుపట్టడానికి మంచి ఫోన్ చాలు.
- కత్తెర పురుగు బాగా ఎదిగితే 30 మి.మీ. దాటుతుంది. తల మీద తలకిందులైన వై అక్షరం గుర్తు, తోక దగ్గర చదరంగా నాలుగు నల్లచుక్కలు ఫోన్‌లోనే దొరుకుతాయి. కానీ ఆ సైజు వచ్చేసరికి మొక్కజొన్న సుడి సగం తినేసి ఉంటుంది. పిల్ల దశలోనే పట్టాలంటే ఇంకా దగ్గరితనం కావాలి.
- వరి దుబ్బు మొదట్లో ఉండే సుడిదోమ, దాన్ని తినే మిరిడ్ నల్లి రెండూ సుమారు 3 మి.మీ. చుట్టుపక్కలే. 50 పిక్సెళ్ళతో 150 వస్తాయి. అనుమానం తీరదు.
- తామర పురుగు సుమారు 1 మి.మీ. 50 పిక్సెళ్ళంటే ఒక గీత మాత్రమే.

2021-22 సీజన్‌లో మిర్చి పూలను ముంచెత్తిన నల్ల తామర పురుగు గుర్తుందిగా? మామూలు తామర పురుగు లేత పసుపు రంగులో ఎక్కువగా లేత ఆకుల మీద ఉంటే, ఇది నల్లగా పూలలో గుంపుగా చేరింది. రంగు, చోటు తెలిసేంత ఫోటో ఉంటే శాస్త్రవేత్తకు మొదటి ఆధారం దొరుకుతుంది. ఖచ్చితమైన జాతి తేలేది మాత్రం ల్యాబులో మైక్రోస్కోపు కిందే. ఏ కెమెరా అయినా ఆ పని చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

3. ఫోన్‌తోనే ఎంతవరకు?

చాలా చవక ఫోన్లలో "మాక్రో కెమెరా" అని 2 మెగాపిక్సెళ్ళది ఒకటి పెడతారు. అది లెక్కలోకి తీసుకోవద్దు. అంతకన్నా మెయిన్ కెమెరా మీద క్లిప్పులా తగిలించే మాక్రో లెన్స్ పెడితే ఫలితం చాలా మెరుగు. ఇంకా లేకపోతే విత్తనాలు చూసుకునే 10 రెట్ల చేతి భూతద్దాన్నే ఫోన్ లెన్స్‌కు ఆనించి తీయొచ్చు. పురుగుకు రెండు మూడు సెంటీమీటర్ల దూరం వెళ్ళాల్సి వస్తుంది, అంచులు మసకబారతాయి, అయినా మధ్యలో వచ్చేది పనికొస్తుంది. ఇలా తగిలించాక స్కేలు పరీక్ష మళ్ళీ చేయండి. మిల్లీమీటరుకు 200 దాటితే, మీకు ఇక కెమెరా అవసరమా అని ఒకసారి ఆలోచించండి. నెలకు నాలుగు ఫోటోలు కేవీకేకి పంపడమే మీ పని అయితే, నిజంగా అవసరం లేదు.

కెమెరా ఎవరికి కావాలంటే, ఆకు కదులుతున్నా, పురుగు పారిపోతున్నా వందల ఫోటోలు తీసేవాళ్ళకు. శిక్షణలకు, వీడియోలకు వాడేవాళ్ళకు. పిట్టలను కూడా తీయాలనుకునేవాళ్ళకు. మిగతా పాఠం వాళ్ళ కోసం.

4. మొదటి ఖర్చు: వెలుగు

దగ్గరికి వెళ్ళేకొద్దీ రెండు కష్టాలు ఒకేసారి వస్తాయి. ఫోకస్‌లో ఉండే మందం తగ్గిపోతుంది, వెలుగు తగ్గిపోతుంది.

మందం సంగతి చూడండి. సాధారణ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఉండే ఏపీఎస్-సీ సెన్సర్ మీద, పురుగు అసలు సైజు ఎంతో సెన్సర్ మీద అంతే పడేట్టు, అంటే 1:1లో తీస్తే, స్పష్టంగా వచ్చే మందం ఎఫ్/2.8 దగ్గర సుమారు 0.2 మి.మీ., ఎఫ్/8 దగ్గర 0.6 మి.మీ., ఎఫ్/11 దగ్గర 0.8 మి.మీ. మాత్రమే. మిరిడ్ నల్లి కన్ను ఫోకస్‌లో ఉంటే కాళ్ళు మసక. అందుకే మాక్రోలో "ఎఫ్/1.8 లెన్స్" అనే గొప్ప పనికిరాదు. మనం ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్యే వాడతాం. ఇంకా బిగించి ఎఫ్/22 పెడితే మందం పెరిగినట్టు అనిపిస్తుంది కానీ వెలుగు చెదిరి మొత్తం ఫోటో మెత్తబడిపోతుంది.

ఎఫ్/11 అంటే సందు చిన్నది. వెలుగు చాలదు. వెలుగు చాలక షట్టర్ వేగం తగ్గిస్తే గాలికి ఆకు ఊగి ఫోటో చెడుతుంది. దీనికి మందు ఫ్లాష్. తక్కువ పవర్‌లో ఫ్లాష్ వెలిగే సమయం సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ. ఆ క్షణంలో ఆకు ఊగినా ఊగనట్టే ఉంటుంది.

కానీ ఫ్లాష్‌ను నేరుగా కొట్టొద్దు. అక్షింతల పురుగు వీపు మీద తెల్లటి మెరుపు పడి, దాని కింద నూగు ఉందో లేదో కనపడదు. మనకు కావాల్సిన గుర్తే మాయమవుతుంది. అందుకే వెలుగును పలచబరిచే తెర, అంటే డిఫ్యూజర్ కావాలి. కొననవసరం లేదు. పలచటి తెల్ల థర్మోకోల్ షీటు, లేదా రెండు పొరల బటర్ పేపర్, అట్టముక్కకు అంటించి లెన్స్ చివర పైన గొడుగులా కట్టండి. ఫ్లాష్ వెలుగు దాని గుండా పురుగు మీద పడాలి. తెర పురుగుకు ఎంత దగ్గరగా, ఎంత వెడల్పుగా ఉంటే నీడలు అంత మెత్తగా ఉంటాయి. వీడియోలో కట్టే పద్ధతి చూపించాను.

మొదలుపెట్టడానికి ఈ సెట్టింగు రాసిపెట్టుకోండి: మాన్యువల్ మోడ్, షట్టర్ 1/200, ఎఫ్/11, ఐఎస్‌ఓ 200, ఫ్లాష్ పవర్ 1/8. ఫోటో నల్లగా వస్తే ఫ్లాష్ పెంచండి, తెల్లబోతే తగ్గించండి. మిగతావి కదపొద్దు. కొన్ని బాడీలు ఫ్లాష్‌తో 1/160 వరకే ఒప్పుకుంటాయి, అప్పుడు అదే పెట్టండి. ఫ్లాష్ కొనేటప్పుడు పవర్‌ను చేత్తో మార్చుకునే వీలుందా అన్నది చూస్తే చాలు.

5. రెండో ఖర్చు: దగ్గరితనం

బాడీతో వచ్చే 18-55 లెన్స్ మోడల్‌ను బట్టి 0.25 నుంచి 0.38 రెట్ల వరకే ఇస్తుంది. 24 మెగాపిక్సెళ్ళ ఏపీఎస్-సీ సెన్సర్ వెడల్పు సుమారు 23.5 మి.మీ., అందులో 6000 పిక్సెళ్ళు. అంటే 1:1లో మిల్లీమీటరుకు 255. 0.25 రెట్లలో 64 మాత్రమే. ఖరీదైన కెమెరాతో తీసినా తామర పురుగు చుక్కలా రావడానికి కారణం ఇదే. ఇక్కడ బాడీ మార్చితే ఏమీ మారదు, లెన్స్ ముందు భాగమో వెనక భాగమో మారాలి.

మూడు దారులున్నాయి.

మొదటిది, ఎక్స్‌టెన్షన్ ట్యూబులు. లెన్స్‌కూ బాడీకీ మధ్య బిగించే ఖాళీ గొట్టాలివి, లోపల అద్దం ఉండదు. గొట్టం పొడవును లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎంత పెరుగుతుందో వస్తుంది. 50 మి.మీ. లెన్స్‌కు 36 మి.మీ. గొట్టం పెడితే 0.72 పెరుగుతుంది. లెన్స్ సొంతంగా ఇచ్చే 0.21 కలిపితే 0.93, దాదాపు 1:1. కొనేటప్పుడు కరెంటు పిన్నులున్న గొట్టాలే తీసుకోండి. పిన్నులు లేని చవక రకంలో ఎఫ్ నంబరు మార్చడం కుదరదు. లోపం ఏమిటంటే, వెలుగు తగ్గుతుంది, పురుగుకు బాగా దగ్గరికి వెళ్ళాలి.

రెండోది, క్లోజప్ లెన్స్. జూమ్ లెన్స్ మూతికి తగిలించే భూతద్దం లాంటిది. రేనాక్స్ డీసీఆర్-250 బాగా తెలిసినది, దీని శక్తి 8 డయాప్టర్లు. దీన్ని 55-250 జూమ్ మూతికి పెట్టి, జూమ్ 250కి లాగి, ఫోకస్‌ను పూర్తి దూరానికి పెడితే లెక్క ఇలా: 250 × 8 ÷ 1000 = 2 రెట్లు. అంటే మిల్లీమీటరుకు 510 పిక్సెళ్ళు. తామర పురుగు కూడా ఒక ఆకారంతో వస్తుంది. పురుగుకు సుమారు 12 సెంటీమీటర్ల దూరంలో ఉండొచ్చు, కాబట్టి తెర కట్టుకోవడానికి చోటుంటుంది. జూమ్ తగ్గిస్తే రెట్లు కూడా తగ్గుతాయి. 125 దగ్గర 1:1 అవుతుంది. దీని తమ్ముడు డీసీఆర్-150 శక్తి 4.8 డయాప్టర్లు. దానితో కాస్త దూరంగా ఉండి పెద్ద పురుగులు తీయొచ్చు, కొత్తవాళ్ళకు అదే తేలిక.

మూడోది, అసలు మాక్రో లెన్స్. 60 మి.మీ., 90 మి.మీ., 100 మి.మీ. ఇలా వస్తాయి. ఏ కంపెనీదైనా 1:1 అని రాసి ఉందో లేదో చూడండి. "మాక్రో" అని రాసి 0.3 రెట్లే ఇచ్చే జూమ్‌లు చాలా ఉన్నాయి. పొలానికి 90-100 మి.మీ. మంచిది. 1:1లో కూడా లెన్స్ మూతి నుంచి పురుగుకు జానెడు కన్నా కాస్త తక్కువ దూరం మిగులుతుంది, తూనీగ, కందిరీగ బెదరవు. స్పష్టతలో దీనికి పోటీ లేదు. కానీ ధర మొదటి రెండిటికన్నా ఎన్నో రెట్లు.

నా సలహా సూటిగా: పిట్టలూ తీయాలనుకుంటే రెండో దారి పట్టండి. 55-250 లేదా 70-300 జూమ్ ఒకటి, దాని మూతికి క్లోజప్ లెన్స్ ఒకటి. ఒకే జూమ్‌తో ఉదయం పూట పురుగులు, అద్దం తీసేస్తే పిట్టలు. సంవత్సరం పాటు ఇలా తీశాక, నిజంగా వారానికి రెండుసార్లైనా 1:1 వాడుతున్నారని తేలితే అప్పుడు మాక్రో లెన్స్ కొనండి.

6. పొలంలో తీసే పద్ధతి

సామాను కన్నా సమయం ముఖ్యం. సూర్యుడు పూర్తిగా ఎక్కకముందు, మంచు ఇంకా ఆరకముందు పురుగుల ఒళ్ళు చల్లగా ఉండి కదలవు. గాలి కూడా తక్కువ. పదింటికి వెళ్ళి "పురుగు నిలబడట్లేదు" అంటే కెమెరా తప్పు కాదు.

ఒక సన్నకర్రకు బట్టల క్లిప్పు కట్టి నేలలో గుచ్చి, మొక్క కాడను మెత్తగా పట్టించండి. ఆకు ఊగడం సగం తగ్గుతుంది. ఆటోఫోకస్ ఆపేయండి. రెట్లు ముందే పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒంటిని మెల్లగా ముందుకు వెనక్కు వంచుతూ కన్ను స్పష్టం కాగానే నొక్కండి. పది తీస్తే రెండు వస్తాయి, అది మామూలే.

తామర పురుగుకు మిర్చి పువ్వును తెల్లకాగితం మీద తట్టండి. రాలిన పురుగులను కాగితం మీదే తీయండి. కాగితం మీద మిల్లీమీటరు గీతలుంటే సైజు కూడా ఫోటోలోనే వచ్చేస్తుంది. పేనుబంకలో ఉబ్బి గోధుమరంగుకు తిరిగినవి కనపడితే వదలకండి. వాటి లోపల సన్న కందిరీగ పిల్ల పెరుగుతోందని అర్థం. వీపు మీద గుండ్రటి చిల్లు ఉంటే కందిరీగ బయటికి వెళ్ళిపోయింది. అలాంటివి ఎక్కువగా కనపడుతున్న మడిలో కషాయం గురించి రెండుసార్లు ఆలోచించాలి.

7. మూడో ఖర్చు: దూరం

పక్షి స్థావరాలు పాతమని ప్రతి శిక్షణలో చెబుతారు. పాతాక దాని మీద ఎవరు వాలుతున్నారు, ముక్కున ఏం పట్టుకొస్తున్నారు అన్నది చూసేవాళ్ళు తక్కువ. చీలిన తోక ఉన్న నల్లపిట్ట, కొన్ని ఊళ్ళలో ఏట్రింత, కొన్నిచోట్ల పసులపోలిగాడు అంటారు, అది పచ్చపురుగును తెస్తోందా, తేనెటీగను తెస్తోందా? పాలపిట్ట ఏ వేళకు వస్తోంది? జొన్న కంకి మీద వాలేవి పిచ్చుకలా, జీనువాయిలా? టెలిఫోటో మనకు పనికొచ్చేది ఈ ప్రశ్నలకు.

ఇక్కడా లెక్క ఒకటే. ఫోకల్ లెంగ్త్‌ను దూరంతో భాగించాలి. తోకతో కలిపి 30 సెం.మీ. ఉండే ఏట్రింత 30 మీటర్ల దూరంలో ఉంటే, 24 మెగాపిక్సెళ్ళ ఏపీఎస్-సీ సెన్సర్ మీద:

- 55 మి.మీ. దగ్గర సుమారు 140 పిక్సెళ్ళు,
- 250 మి.మీ. దగ్గర సుమారు 640,
- 600 మి.మీ. దగ్గర సుమారు 1530.

640తో పిట్ట ఏదో తెలుస్తుంది, ముక్కులో ఏదో ఉందని తెలుస్తుంది. అది ఏ పురుగో తెలియాలంటే ఇంకా కావాలి. ఇక్కడ చాలామంది 150-600 వైపు చూస్తారు. మంచి లెన్సే, కానీ రెండు కిలోల చుట్టూ బరువు, ధర మీ బాడీని మించిపోవచ్చు. దానికి ముందు ఒక ఉచిత దారి ఉంది. 30 మీటర్ల దూరాన్ని 15 చేయండి. 640 కాస్తా 1280 అవుతుంది. పక్షి స్థావరాన్ని మంచెకు 15 మీటర్ల దూరంలో పాతండి. మంచె చుట్టూ గోనెపట్టా కట్టి లెన్స్ మూతికి మాత్రం సందు వదలండి. రెండు మూడు రోజుల్లో పిట్టలు దానికి అలవాటుపడతాయి. అడవి ఫోటోగ్రాఫర్లు డబ్బు పెట్టి కొనే మాటుగూడు మన పొలంలో తాతల కాలం నుంచీ ఉంది.

షట్టర్ వేగం విషయంలో పాత సూత్రం పాటించండి. ఏపీఎస్-సీ బాడీ మీద 250 మి.మీ. లెన్స్‌కు కనీసం 1/400. ఎగిరే పిట్టకు 1/1600 పైన. లెన్స్‌లో ఉండే స్టెబిలైజర్ మన చెయ్యి వణుకును ఆపుతుంది, పిట్ట కదలికను ఆపదు. ఆనుకోవడానికి వరి ఊక నింపిన చిన్న సంచి ఒకటి కుట్టించుకోండి. మంచె కర్ర మీదో, ఇంజిన్ ఆపిన ట్రాక్టర్ బానెట్ మీదో పెట్టి దాని మీద లెన్స్ ఆనించండి.

ఇంకో మాట. ఎండాకాలం మధ్యాహ్నం దున్నిన చేను మీద వేడిగాలి అలలు అలలుగా లేస్తుంది. ఆ వేడిలో దూరం నుంచి తీస్తే లక్షల లెన్స్ అయినా ఫోటో మెత్తగానే వస్తుంది. లెన్స్ బాగోలేదని మార్చే ముందు పొద్దున్నే ఒకసారి తీసి చూడండి.

మాక్రో అవసరం లేదు, పిట్టలే కావాలి, లెన్స్‌లు మార్చే ఓపిక లేదు అనేవాళ్ళకు జూమ్ బిగించి వచ్చే బ్రిడ్జి కెమెరాలున్నాయి. 2015లో వచ్చిన నికాన్ పీ900 పాత 35 మి.మీ. ఫిల్ము కెమెరా లెక్కలో 2000 మి.మీ. వరకు, 2018లో వచ్చిన పీ1000 అదే లెక్కలో 3000 మి.మీ. వరకు లాగుతాయి. సెన్సర్ మాత్రం చిన్నది. ఎండ బాగా ఉన్నప్పుడు బాగుంటాయి, మసక వెలుతురులో ఫోటో గరుకుగా వస్తుంది. సాయంత్రం గుడ్లగూబను తీయాలంటే ఇవి సరిపోవు.

గూళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళొద్దు. మనం తరచూ వెళ్తే తల్లి వదిలేయొచ్చు, కాకి చూసి పిల్లలను ఎత్తుకుపోవచ్చు. పొలానికి కాపలా కాసే పిట్టను ఒక ఫోటో కోసం పోగొట్టుకోవడం లాభసాటి పని కాదు.

8. చివరి ఖర్చు: బాడీ

మరి బాడీ ఎప్పుడు మార్చాలి? ఈ మూడింటిలో ఏదో ఒకటి నిజమైతేనే:

- తెల్లవారుజామున ఐఎస్‌ఓ 3200 పెట్టాల్సి వచ్చి, గరుకు వల్ల గుర్తులు పోతుంటే.
- ఎగిరే పిట్ట మీద ఫోకస్ పదేపదే జారిపోతుంటే. కొత్త మిర్రర్‌లెస్ బాడీలు పిట్ట కన్నును వాటంతట అవే వెతికి పట్టుకుంటాయి, ఇది నిజంగా పెద్ద తేడా.
- కదలని పురుగును వేర్వేరు ఫోకస్‌లతో వరుసగా తీసి ఒకే ఫోటోగా కలపాల్సి వస్తుంటే. ఫోకస్ బ్రాకెటింగ్ ఉన్న బాడీ ఆ వరుసను తనే తీస్తుంది.

"ఎక్కువ మెగాపిక్సెళ్ళు" అన్నది ఈ జాబితాలో లేదు. 24 నుంచి 32కు వెళ్తే వెడల్పులో వచ్చే లాభం సుమారు 15 శాతమే. పాతిక మిల్లీమీటర్ల గొట్టం ముక్క దానికన్నా ఎక్కువ ఇస్తుంది.

అందరూ మిర్రర్‌లెస్ వైపు మారడం వల్ల పాత డీఎస్‌ఎల్‌ఆర్ బాడీలు, లెన్స్‌లు సెకండ్‌హ్యాండ్‌లో బాగా దొరుకుతున్నాయి. మనకు ఇది మంచి అవకాశం. కొనేటప్పుడు లెన్స్‌ను ఫోన్ టార్చికి ఎదురుగా పట్టి లోపలికి చూడండి. సాలెగూడు దారాల్లా కనపడితే అది బూజు, వదిలేయండి. తెల్లగోడను ఎఫ్/16లో తీసి మచ్చలున్నాయేమో చూడండి. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. జూమ్ తిప్పితే ఇసుక కరకరలాడితే వద్దు.

కొన్నాక కాపాడుకోవడం మన చేతుల్లో ఉంది. వానాకాలంలో బ్యాగులో వదిలేస్తే అదే బూజు మన లెన్స్‌కూ పడుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి ఉంచండి, రంగు మారగానే ఎండబెట్టి మళ్ళీ వేయండి. బియ్యంలో పెట్టొద్దు, ఆ పిండి లోపలికి పోతుంది. జీవామృతం చల్లుతున్న చోట, ఊక ఎగిరే కళ్ళంలో లెన్స్ విప్పొద్దు.

9. ఫోటో పంపేటప్పుడు

ఇంత కష్టపడి తీసి వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది ఫోటోను నలిపేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి. ఒక్క ఫోటో కాదు, నాలుగు పంపండి: మొత్తం మొక్క, దెబ్బతిన్న ఆకు పైనా కిందా, పురుగు పైనుంచి, పురుగు పక్కనుంచి. పంట, వయసు, తేదీ, మొక్కలో ఏ భాగం మీద దొరికిందో రాయండి. కదలికలో తేడా ఉన్నవాటికి, పిండినల్లి, క్రిప్టోలేమస్ లాంటివాటికి పది సెకన్ల వీడియో ఫోటో కన్నా మేలు.

ఈ వారం ఇంటిపని

స్కేలు పరీక్ష చేసి మీ సంఖ్య నోటుబుక్కులో రాసుకోండి. తర్వాత మీ పంటలో ఈ సీజన్‌లో మీకు అనుమానంగా ఉన్న మూడు పురుగుల పేర్లు, వాటి సైజు మిల్లీమీటర్లలో రాయండి. మీ సంఖ్యతో గుణించండి. 200 దాటినవాటికి ఏమీ కొనొద్దు, వెలుగు సరిచేసుకుంటే చాలు. దాటనివాటికి ఎన్ని రెట్లు తక్కువ పడిందో చూసుకుని, ఆ మేరకే గొట్టమో, క్లోజప్ లెన్సో కొనండి. షాపులోకి వెళ్ళేటప్పుడు ఆ కాగితం జేబులో ఉండాలి. అది ఉంటే అవసరం లేనిది అంటగట్టడం ఎవరివల్లా కాదు.

వచ్చే పాఠంలో, ఈ ఫోటోలతో మడిలో మిత్రపురుగుల లెక్క ఎలా వేయాలో, ఆ లెక్కను బట్టి కషాయం కొట్టాలా ఆగాలా అన్నది ఎలా తేల్చాలో చూద్దాం.